గుండు తెమ్మంటే గీయించాను

నేనొకసారి ఒక మనిషిని చంపాను. కత్తి లేదు, కక్ష లేదు. ఒకే ఒక్క మాట సరిపోయింది. చచ్చిపోయినాయన ఇప్పటికీ రోజూ సాయంత్రం కాశీబుగ్గ దాకా నడిచివెళ్లి వేడివేడి పకోడీలు తిని వస్తున్నాడు కాబట్టి మీరు పోలీసులకు ఫోను చేయనక్కర్లేదు. కానీ ఆ ఒక్క రోజు మాత్రం ఆయన చావు మా ఉద్దానం ప్రాంతమంతా పాకింది. ఆ పాకుడుకు మూలపురుషుణ్ణి నేనే.

అప్పట్లో నేను పలాసలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే కొట్టులో పనిచేసేవాణ్ణి. పుట్టినరోజులకు నవ్వు మొహాలు, చావులకు పూలదండలు, ఎన్నికలకు రెండూ. బేరం లేనప్పుడు అదే కంప్యూటర్ మీద నా సొంత బొమ్మల కథ గీసుకునేవాణ్ణి. పేరు ‘కెప్టెన్ గుండు’.

మా ఊరివాళ్లకు వివరించక్కర్లేదు, మీ కోసం చెబుతాను. పలాసలో జీడిపప్పు ఎక్కడా పగలకుండా నిండుగా వస్తే దాన్ని గుండు అంటారు. రెండుగా చీలితే బద్ద. అంతకన్నా పాడైతే ముక్క. మా కెప్టెన్ ఆయుధం మనిషంత జీడిగుండు. దాని వంపు చూశారుగా, విసిరితే తిరిగొస్తుంది. చాలాసార్లు కెప్టెన్ నెత్తికే తగులుతుంది. అతని శత్రువు బద్దాసురుడు. అన్నదమ్ములను, పొలాలను, వేసిన నెలకే రోడ్లను రెండుగా చీల్చడం వాడి వృత్తి. ఇక మన కెప్టెన్ ఎగరగలడు గానీ ఎవరినైనా కాపాడాలంటే ముందు ఫోనుకు ఓటీపీ రావాలి. ఆ సిగ్నల్ కోసం కొబ్బరిచెట్టెక్కుతాడు. ఓటీపీ వచ్చేసరికి మునిగేవాడు మునిగి, ఈత నేర్చుకుని, ఒడ్డుకొచ్చి టీ తాగుతుంటాడు.

ఈ కథ ఫోన్లలో చేతులు మారి మారి విశాఖలో చక్రి అనే డైరెక్టరు కంటపడింది. ఆయన దాన్ని సిరీస్‌గా తీస్తానంటూ పలాస వచ్చాడు. కెప్టెన్ వేషానికి ఎవరెవరినో చూసి, చివరికి నన్ను బండి మీద దింపడానికొచ్చిన మా బావ సింహాచలం దగ్గర ఆగిపోయాడు. ఆగిపోడా మరి! మా మేనమామ కొడుకని గొప్పలు చెప్పడం కాదు, బావ జుట్టు అలాంటిది. గాలి వీస్తే ఉద్దానం కొబ్బరి మట్టలా లేచేది. దువ్వెనలు దాంట్లోకి వెళ్లేవి గానీ అన్నీ తిరిగొచ్చేవి కావు.

ఆ జుట్టు మీద ఇంకో కన్ను కూడా పడి ఉంది. మందసలో దండాసిగారి అమ్మాయి దమయంతి బావ ఫొటో చూసి సరేనంది. ఆ ఆదివారమే తాంబూలాలు. బావ ఎంత సంబరపడ్డాడంటే, ఆమె పేరు పలికేటప్పుడు చెప్పులు విడిచేవాడు.

సరిగ్గా ఆ వారంలో చక్రి ఫోను చేశాడు.

“రేపు పొద్దున్న టెస్ట్ షూట్. హీరోకి గుండు రెడీ చేయించారా?”

“గుండా?” అన్నాను.

“గుండు లేకపోతే కెప్టెనే లేడండీ! నున్నగా ఉండాలి. లైటు పడితే తళుక్కుమనాలి. మీ ఊళ్లో మంచి పనివాడుంటే దగ్గరుండి చేయించండి. ఎక్కడా గాటు కనబడకూడదు.”

ఇక్కడ నా తెలివిని మీరు కాస్త మెచ్చుకోవాలి. నేను పలాసవాణ్ణి. గుండు అనగానే నాకు జీడిపప్పే తట్టాలి, తట్టింది కూడా. కానీ వెంటనే అనుకున్నాను: ‘విశాఖ మనిషి, పెద్ద కెమెరాల మనిషి. ఆయనకు మన జీడి భాష ఏం తెలుస్తుంది? ఆయన భాషలో గుండంటే గుండే. పైగా బొమ్మల కథను తెర మీదికి తెచ్చేవాళ్లు ఏదో ఒకటి మార్చకుండా ఊరుకోరు. నా కథలో జుట్టు ఉంది కాబట్టి తెర మీద ఉండదు.’ ఇలా ఒక మెట్టు పైకెక్కి ఆలోచించాను. ఆ మెట్టు అక్కడ లేదని తర్వాత తెలిసింది.

బావకు చెప్పాను. ముందు నవ్వాడు. తర్వాత నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

“ఒరే బామ్మర్దీ, ఆదివారం తాంబూలాలురా! గుండుతో ఎల్తే ఆ పిల్ల ఏటంతాది?”

“హీరో అంటుంది బావా. తెర మీద మొగుణ్ణి చూసుకునే అదృష్టం మందసలో ఇంకెవరికి ఉంది?”

“మా నాన్నకి సెప్పాలి గదరా.”

“మావ టెక్కలిలో మీ అక్క ఇంట్లో మనవడితో ఆడుకుంటున్నాడు. ఛార్జింగ్ అయిపోతుందని ఫోను ఆపేసుకున్నాడు. వచ్చాక చెబుదాం, మురిసిపోతాడు.”

తవిటయ్య మావ నిజంగానే ఫోనును ఆపి, రుమాల్లో చుట్టి, జేబులో పెట్టుకుని తిరిగే మనిషి. అది గనక మోగే ఫోను అయ్యుంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

సెలూన్లో బావను కూర్చోబెట్టి “గుండు” అన్నాను. మంగలి మొహం వాడిపోయింది. నీళ్లు చిలకరిస్తూ మెల్లిగా అడిగాడు.

“అయ్యో... ఎప్పుడు బాబూ?”

“రేపు పొద్దున్న” అన్నాను హుషారుగా.

కత్తి గాల్లోనే ఆగింది. “రేపా? ముందే సెప్పేసినారా? డాకటరు సెప్పినాడేటి?”

“డైరెక్టర్ చెప్పాడు.”

“ఆస్పత్రి డైరెకటరే సెప్తే మరింకేటుంతాది” అని నిట్టూర్చి పని మొదలుపెట్టాడు. ఆ మాటలోని విషాదం నాకు అప్పుడు అందలేదు. నేను కింద పడుతున్న జుట్టు చూసి కళాత్మకంగా బాధపడుతున్నాను.

మా వైపు కొడుకు గుండుతో కనబడితే జనం అడిగే మొదటి ప్రశ్న ‘ఏ మొక్కు?’ అని కాదు, ‘నాన్నకేమైంది?’ అని. ఇంత చిన్న సంగతి ఇంత పెద్ద బుర్రకు తట్టలేదు. మంగలి ఆ తర్వాత కుర్చీ ఎక్కినవాడితో ‘తవిటయ్య రేపు పోతాడట’ అన్నాడు. బావ అదే గుండుతో పలాస నుంచి ఊరి దాకా బండి మీద వెళ్లాడు. సాయంత్రానికల్లా భవిష్యత్ కాలం కాస్తా భూతకాలమైంది. మావను కూడా భూతం చేసింది.

మర్నాడు పొద్దున్నే షూటింగు కోసం బావ కొట్టుకు వచ్చాడు. టోపీ కొందామని నేను పక్క బజారుకు పంపాను. అతను అటు వెళ్లగానే మా ఊరి పెద్దలిద్దరు గుమ్మంలోకొచ్చారు. ఒకాయన కళ్లు ఒత్తుకుంటున్నాడు, రెండో ఆయన కోపంగా ఉన్నాడు.

“శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఒకటి కొట్టు నాయినా. పెద్దది” అన్నాడు కళ్లు ఒత్తుకునే ఆయన.

“అలాగే తాతా. ఎవరు పోయారు?”

“ఎవరేటిరా? మీ మావ!”

“ఏ మావ?”

“తవిటి మావరా! ఇంటోడివి, నీకు తెల్దా?”

కోపంగా ఉన్న ఆయన అందుకున్నాడు. “ఆడికి తెల్దు, మనకి తెల్దు. కడసూపుకైనా పిలిసినారు కాదు! పదోనాటి బోజనాలు మనూళ్లోనా, టెక్కల్లోనా? అదైనా సెప్పు.”

కుర్చీలో కూలబడి ఏడ్చేశాను. ఎందుకంటే, పాఠకులారా, ఈ పుకారు పుట్టించింది నేనేనని నాకింకా తెలియదు! ఏడుస్తూనే ఫొటో వెతికి, చుట్టూ బంతిపూలు పెట్టి, ‘మా హృదయాల్లో సజీవం’ అని టైపు చేస్తున్నాను. టోపీతో తిరిగొచ్చిన బావ ఆ తెర చూసి కెవ్వుమన్నాడు.

“మా నాన్న! ఎప్పుడురా?”

“నువ్వే గదరా గుండు సేయించుకున్నావు!” అన్నారు పెద్దలిద్దరూ ఒక్క గొంతుతో.

ముగ్గురూ నా వైపు తిరిగారు. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. దాని వెలుగులో నా మొహం ఎలా ఉందో చెప్పను.

అంతలో చక్రి కారు దిగాడు. బావను చూసి కళ్లజోడు తీశాడు.

“ఇదేంటి? జుట్టేది?”

“మీరే కదండీ గుండన్నారు!”

“జీడిగుండు అన్నానయ్యా! ఆయుధం! చెక్కతో చేయించమని! పగలని పప్పును గుండంటారని మీ మొదటి పేజీలో మీరే రాశారు కదా? చదివి నేర్చుకున్నాను!”

ఆయన నా కథ చదివి పలాసవాడయ్యాడు. నేను ఆయన ఫోను విని విశాఖవాణ్ణయ్యాను. మధ్యలో బావ జుట్టు సుమ్మాదేవి స్టేషన్లో ఆగని మెయిలు బండిలా వెళ్లిపోయింది.

బావ ఫోను మోగింది. దండాసిగారు.

“బాబూ, కబురు తెలిసింది. దైర్యంగా ఉండు.”

“మావయ్యగారూ, మా నాన్న బతికే ఉన్నారండీ!”

“అలాగే అనిపిత్తాది బాబూ. మా నాన్న పోయినప్పుడు నాకూ అలాగే అనిపించినాది. పక్కనే ఉన్నట్టుంతాది... అదేగాని, ఏడాది దాకా మీ ఇంట సుబకార్యం కుదరదు గదా. సోంపేట సంబందమోళ్లు తొందర పెడతన్నారు. ఈ సాయంత్రం ఆళ్లకి మాటిచ్చేత్తన్నాం. ఏటీ అనుకోకు.”

బావ టోపీ కింద పడింది. “దమయంతి...” అన్నాడు. ఈసారి చెప్పులు విడవడం కూడా మరిచిపోయాడు.

చచ్చిపోయాడన్న మనిషిని సాయంత్రంలోగా మందసలో నిలబెట్టాలి. టెక్కలికి పరిగెడదామని బండి తీస్తుంటే, తవిటి మావ ఆటో దిగాడు. అప్పటికే ఆయన అగ్గిలా ఉన్నాడు.

“ఎవడో పరామర్సకి మీ అక్క ఫోనుకి సేసినాడ్రా. నానే ఎత్తి, ‘నాను తవిటయ్యని’ అన్నాను. అమ్మో అని పెట్టేసినాడు! ఏటి జరగతంది?” అంటూ లోపలికొచ్చి తెర మీద బంతిపూల మధ్య తన మొహం చూసుకున్నాడు. “ఫొటో బాగున్నాది” అన్నాడు. తర్వాత కొడుకు నెత్తి చూశాడు. “నానుండగానేనా!”

అన్నీ విన్నాక ఆయన నన్ను కొట్టలేదు. “ముందు పద అల్లుడా. సచ్చినోడికి కోపమేటి” అన్నాడంతే. చక్రి తన కారులోనే మమ్మల్ని ఎక్కించాడు. ఫ్లెక్సీకి వచ్చిన పెద్దలిద్దరూ దారిలో వెనక్కి వెనక్కి తిరిగి మావను గిల్లి చూస్తూ వచ్చారు.

మందసలో దండాసిగారి భార్య మావను చూసి చేతిలో ఉన్న చాట వదిలేసింది. బియ్యం గుమ్మమంతా చెల్లాచెదురు.

“భయపడకండమ్మా, నానే. బతికున్నాను. కావాలంటే ఇంత మజ్జిగియ్యండి, తాగి సూపిత్తాను” అన్నాడు మావ.

తాగాడు. దండాసిగారు ఆయన గుటకలన్నీ చూశాక తేరుకుని అసలు ప్రశ్న వేశారు.

“మరి కుర్రోడికి గుండేటండీ?”

ఇక్కడ మేం ముగ్గురం ఒక్కమాట అనుకుని ఉండాల్సింది. అనుకోలేదు.

“మొక్కు” అన్నాడు మావ.

“ఎండలు” అన్నాను నేను.

“పేలు” అన్నాడు బావ.

దండాసిగారి మొహం బిగుసుకుంది. “పేలా?” అంది ఆయన భార్య ఒక అడుగు వెనక్కి వేసి. సోంపేట నాకు కళ్లెదుట కనబడింది. ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాను: కెప్టెను, ఫోను, నా పైమెట్టు ఆలోచన, అంతా. నా మాట నమ్మేంత వెర్రివాళ్లు ఆ ఇంట్లో ఉన్నట్టు తోచలేదు.

అప్పుడు తలుపు వెనక నుంచి కిసుక్కున నవ్వు వినబడింది. దమయంతి ఫోను పట్టుకుని బయటికొచ్చింది. తెర మీద కెప్టెన్ గుండు కొబ్బరిచెట్టెక్కి ఓటీపీ కోసం ఎదురుచూస్తున్నాడు.

“నిజమే నాన్నా, ఈ కత నాను సదివినాను. గుండంటే ఆయుదం. సదివినోళ్లందరికీ తెలిసింది...” నా వైపు చూసింది. “రాసినోడికే తెల్దు!”

మావ ముందు నవ్వాడు. ఆ తర్వాత ఇల్లంతా నవ్వింది. పెద్దల్లో భోజనాల ఆయన మాత్రం, “అయితే తాంబూలాలకి బోజనాలుంతాయా?” అని అడిగాడు.

“ఉంతాయి” అంది దమయంతి. “నాకు జుట్టు సంగతేటీ లేదు, పెరుగుతాది. కానీ ఆదివారం ఫొటోల్లో ఈయనొక్కడే గుండుతో ఉంటే అందరూ ఈయన్నే సూసి నవ్వుతారు. పక్కన ఇంకో గుండుండాల.”

“ఎవరిదమ్మా?” అన్నాను అమాయకంగా.

అందరూ నా వైపు చూశారు. చక్రి అయితే కెమెరా కూడా తీశాడు.

సిరీస్ వచ్చింది. బావకు విగ్గు పెట్టి తీశారు. బారువ తీరంలో కెప్టెన్ ఎగిరే సన్నివేశంలో విగ్గు అతనికన్నా ముందు ఎగిరిపోయింది. మళ్లీ తీసే ఓపిక లేక చక్రి దాన్ని అలాగే ఉంచేశాడు. చూసినవాళ్లు ‘ఎంత పదునైన వ్యంగ్యం!’ అన్నారు. నా తప్పులకు అంత మర్యాదైన పేరు పెట్టవచ్చని అప్పుడే తెలిసింది. తాంబూలాల ఫొటో ఇప్పటికీ బావ ఇంటి గోడ మీద ఉంది. మధ్యలో దమయంతి, అటొక గుండు, ఇటొక గుండు. పెళ్లికొడుకు ఎవరని కొత్తగా వచ్చినవాళ్లు అడిగితే, “ఏడుపు మొగం లేనోడు” అని చెబుతుందామె.

కాబట్టి నాలుక మీద జీడిపప్పు పెట్టుకుని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఎంతటివారు ఫోను చేసి గుండు అడిగినా, అది నమిలేదా, నున్నగా గీయించేదా అని ముమ్మారు నిర్ధారించుకోనిదే కత్తి ఉన్న మనిషి దగ్గరికి ఎవరినీ తీసుకువెళ్లను. నన్ను నేను కూడా.