వెదురు మానిక మీద పసుపు చుక్కలు

యలమంచిలి కాంప్లెక్సులో నర్సీపట్నం బస్సెక్కి కూర్చున్నాను. టికెట్టు చింపి చేతిలో పెట్టిన కండక్టరు చిల్లర ఇవ్వకుండా అలాగే నిలబడిపోయాడు. "క్రాఫ్టు టీచరుగారూ, మీకు తెలిసిందో లేదో. సైన్సు టీచరుగారు తెల్లారగట్ల పోయేరండి" అన్నాడు. అతను మా ఇద్దరి దగ్గరా చదువుకున్నవాడే. "ఎక్కడ?" అని అడిగాను. "ఇంట్లోనేనండి. కుర్చీలో కూచునే" అని చెప్పి వెనక సీట్లవైపు వెళ్లిపోయాడు. నర్సీపట్నంలో దిగేదాకా చిల్లర సంగతి అతనికీ గుర్తు రాలేదు, నాకూ గుర్తు రాలేదు.

నాకు యలమంచిలి బదిలీ కాకముందు పదేళ్లకు పైగా నర్సీపట్నం హైస్కూల్లో ఆవిడా నేనూ ఒకే గది పంచుకున్నాం. అప్పుడు డెబ్బైలు. కుట్టు మిషన్లు పెట్టుకోవడానికి నాకు వేరే గది లేదు. ఆవిడ లాబొరేటరీ వెనక ఉన్న స్టోర్ రూములో సగం నాకిచ్చారు. మిగతా సగంలో విరిగిన బెంచీల చెక్కలతో అరలు కొట్టించి, ఆవిడ మ్యూజియం పెట్టుకున్నారు.

మ్యూజియం అంటే పెద్దగా ఊహించుకోకండి. గొలుగొండ నుంచి ఎవరో ఇచ్చిన చెరకు గానుగ రోలరు, కోటవురట్లలో పెళ్లిళ్లకు అద్దెకు తిరిగి అలసిపోయిన పెట్రోమాక్స్ లైటు, నోరు పడిపోయిన ఒక పంచాయతీ రేడియో. ఆవిడ నాన్నగారు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయన మందు పోసి ఇచ్చిన సీసా కూడా ఉండేది. పూటకు ఎంత తాగాలో చదువురాని వాళ్లకు తెలియడానికి, కాగితాన్ని మెట్లుమెట్లుగా కత్తిరించి సీసాకు అంటించేవారట. ఆ కాగితం పసుపుపచ్చగా మారి ఇంకా అంటుకునే ఉంది.

ప్రతి వస్తువు ముందూ ఒక అట్టముక్క, దాని మీద మూడు వరుసలు. పేరు ఏమిటి, ఎవరు వాడారు, ఎందుకు మానేశారు. మూడోది రాయకుండా ఆవిడ దేన్నీ అరలోకి ఎక్కనిచ్చేవారు కాదు. "ఎప్పుడు పుట్టిందో పుస్తకంలో ఉంటాదమ్మా. ఎందుకు మానేసేరో ఆ ఇంటివాళ్లే సెప్పాలి" అనేవారు. అది అడగడానికి సైకిలు రిక్షా ఎక్కి ఊళ్లు తిరిగేవారు. రేడియో ఎందుకు మూగబోయిందో తెలుసుకోవడానికి ఒక సర్పంచిగారి అరుగు మీద మూడు ఆదివారాలు కూర్చున్నారు. చర్చి అయిన వెంటనే, చేతిలో బైబిలు అలాగే ఉండగా.

ఇక ఆవిడ టీ. గదిలో మూల ఒక కిరసనాయిలు స్టవ్వు, దాని మీద అల్యూమినియం గిన్నె. ఆ గిన్నె లోపల అద్దంలా ఉండేది, బయట కాకి నలుపు. శుభ్రం విషయంలో నేను కొంచెం చాదస్తురాలిని. మా అమ్మ దగ్గర పెరిగిన వాళ్లెవరూ మసి గిన్నె చూసి ఊరుకోలేరు. చేరిన కొత్తలో తోమబోతే చేయి పట్టుకుని ఆపారు. "ఒగ్గేయమ్మా. నల్లటి అడుగు వేడి బేగి పడతాది. తోమితే నా టీ ఆలస్యం." ఆరో తరగతికి అది పాఠం కూడా. తోమిన గిన్నె, తోమని గిన్నె పక్కపక్కన పెట్టి పిల్లల చేత గడియారం పట్టించేవారు. కుంచాలమ్ముకునే వాళ్లూ చీపుళ్లమ్ముకునే వాళ్లూ, ఎవరు ఏ వస్తువు తెచ్చినా ఆ నల్లటి గిన్నెలోంచి టీ తాగే వెళ్లేవారు. అంత నేర్చిన మనిషి గిన్నె తోమడానికి బద్ధకించి సైన్సు చెబుతోందని స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్లం. ఆ నవ్విన వాళ్లలో నేనే ముందు.

ఒక సంత రోజున, కొండ నుంచి చీపుళ్లూ చింతపండూ దించే ఒకావిడ వెదురు మానిక పట్టుకొచ్చింది. లావుపాటి వెదురు బొంగును కణుపు దగ్గర కోసి చేసిన కొలపాత్ర. ఏళ్ల తరబడి పొయ్యి మీది అటకలో ఉండి పొగకు నల్లబడింది. దాని నడుము చుట్టూ వరసగా వేలి చుక్కలు. కొన్ని పసుపుగా, కొన్ని పొగ కింద దాక్కుని కనీ కనపడకుండా.

ఆ చుక్కల కథ ఆవిడే చెప్పింది. కొండ మీద కొత్త పంట చేతికొచ్చాక, తినే ముందు కొత్తల పండగ చేస్తారు. ఆ రోజు ఇంటి పెద్దావిడ మొదటి మానిక గింజలు కొలిచి, పసుపులో వేలు ముంచి ఒక చుక్క పెడుతుంది. ఏడాదికొక్కటి. "ఇవన్నీ మా అత్తవి. ఆవిడ పోయింది. సంతలో సీలేసిన డబ్బా తోనే కొలమంటన్నారు, దీన్ని ఎవులూ ఒప్పుకోడం నేదు. ఇంట్లో ఉంటే పుచ్చిపోతాది. నాను ఇచ్చీడం నేదమ్మా, దాసమంటన్నాను. కొత్తల నాటికి వొచ్చి పట్టుకెల్తాను, సుక్క పెట్టి మళ్లా తెత్తాను."

ఏడాదికొకసారి ఇంటికి వెళ్లొచ్చే వస్తువును మ్యూజియంలో పెట్టుకున్నవాళ్లు ఇంకెక్కడైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. సైన్సు టీచరుగారి సంతోషం చూడాల్సిందే. ఆవిడ మానికను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి నాకు చూపించారు. "చూడమ్మా, పాత చుక్క మీద ఎక్కువ పొగ, కొత్త చుక్క మీద తక్కువ పొగ. ఏ ఏడు ఏదో చెప్పేయొచ్చు. ఈ చుక్క ఎంత చిన్నదో చూసేవా? ఆ ఏడు పంట లేదేమో, వేలు గట్టిగా ఆనలేదు." ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు తగ్గింది.

ఇక నేను చేసిన పనికి వస్తాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

మరుసటి ఏడు వానలు వెనకబట్టాక, పై అధికారి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. సైన్సు టీచరుగారు శిక్షణ తరగతులకు విశాఖపట్నం వెళ్లి ఉన్నారు. ఆవిడ లేనప్పుడు ఆవిడ గదికి మాట రాకూడదని నాకు తాపత్రయం. ఆదివారం మధ్యాహ్నం చింతపండు, బూడిద, కుంకుడు రసం, కొబ్బరి పీచు పట్టుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. పండక్కి ఇంట్లో ఇత్తడి తోమినట్టు అన్నీ తోమేశాను. పెట్రోమాక్స్ బంగారంలా వచ్చింది. ఆ ఊపులో వెదురు మానిక కూడా చేతిలోకి తీసుకున్నాను. చుక్కల కథ విన్న దాన్నే. నాకు ఆ క్షణాన మసి తప్ప ఇంకేమీ కనబడలేదు. బూడిదతో రుద్దుతుంటే నీళ్లు ఎర్రగా దిగాయి. ఎంత మురికో అనుకుని ఇంకా గట్టిగా రుద్దాను.

అధికారి వచ్చి, గది పరిశుభ్రతను మెచ్చుకుని పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి వెళ్లారు. నేను గాల్లో తేలుతున్నాను.

రెండు రోజుల తరవాత ఆవిడ వచ్చారు. పెట్రోమాక్స్ చూసి "ఏటమ్మా ఇది, మళ్లీ పెళ్లికి పంపుతున్నావా?" అని నవ్వారు. తరవాత మానిక చూశారు. లేత పసుపు రంగులో, నిన్న కోసిన బొంగులా మెరుస్తోంది. చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పారు. ఇంకోసారి తిప్పారు.

"నీళ్లు ఎర్రగా వచ్చేయా?" అని అడిగారు.

అవునన్నాను. పసుపుకు బూడిద తగిలితే ఎర్రబడుతుందని ఆవిడ ఏటా ఆరో తరగతికి చేసి చూపించేవారు. గోడకు ఇవతల కుట్టుమిషను ముందు కూర్చుని నేను ఏటా వినేదాన్ని. అప్పుడు తెలిసింది నాకు, నా చేతుల్లోంచి ఏం కారిపోయిందో.

"ఆ నీళ్లు ఎక్కడ పోసేవమ్మా?" అన్నారు మెల్లిగా.

పెరట్లో కాలవ చూపించాను. ఆవిడ వెళ్లి దాని దగ్గర కాసేపు నిలబడ్డారు. నన్ను తిట్టి ఉంటే బాగుండునని ఇవాళ్టికీ అనిపిస్తుంది. లోపలికి వచ్చి మానిక ముందున్న అట్టముక్క తీసుకుని కింద ఏదో రాశారు. చదివే ధైర్యం నాకు లేకపోయింది, ఆ రోజే కాదు, ఆ తరవాత కూడా.

నెల తిరక్కుండా కొండావిడ కొత్తలకని మానిక కోసం వచ్చింది. నేను గుడ్డ కత్తిరిస్తున్నాను. ఆవిడ మానిక చేతిలోకి తీసుకుని, చుక్కలు ఉండాల్సిన చోట బొటనవేలు ఆనించి చుట్టూ తడుముకుంది. గదిలో నా కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"ఎవులు తోమీసేరు?"

"నేనే అమ్మా. పొరపాటు చేసేను" అన్నారు సైన్సు టీచరుగారు.

కొండావిడ ఆవిడనీ నన్నూ చూసింది. "సదూకున్నోరు గదమ్మా మీరు" అని మానిక చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ రోజు టీ తాగలేదు. నేను లేచి నిజం చెప్పాల్సింది. తల వంచుకుని మళ్లీ గుడ్డ కత్తిరించడం మొదలెట్టాను.

ఆ ఏడు మానిక తిరిగి రాలేదు, ఆ తరవాతి ఏడూ రాలేదు. ఖాళీ చోట్లో ఇంకేదైనా పెట్టమని హెడ్మాస్టరుగారు అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "ఖాళీ కాదండి, అది ఊరెళ్లింది" అనేవారు. సంత రోజుల్లో ఆవిడ చీపుళ్ల వరసలో నడిచి రావడం చూసేదాన్ని. ఏమీ అడిగేవారు కాదు, ఒక చీపురు కొనుక్కుని వచ్చేసేవారు. గదిలో చీపుళ్లు గుట్టపడ్డాయి.

మూడో ఏడు కొత్తలు అయ్యాక కొండావిడే మానిక పట్టుకొచ్చింది. మళ్లీ నల్లగా ఉంది, దాని మీద మూడు చుక్కలు. "మా అటక మీద పొగ పట్టించి తెచ్చేను. అత్తవి పోయాయి, నావి మొదలెట్టేను" అంది. సైన్సు టీచరుగారు వెళ్లి స్టవ్వు వెలిగించారు.

నాకు బదిలీ అయ్యాక కూడా ఈ రాకపోకలు సాగాయని వింటూనే ఉన్నాను. ఈ ఏడు కూడా కొత్తలకు మానికను కొండావిడ చేతికిచ్చి పంపించింది సైన్సు టీచరుగారే. అది తిరిగొచ్చేసరికి ఆవిడ లేరు.

సమాధుల తోటలో అందరితో పాటు గుప్పెడు మట్టి వేసి వచ్చాను. తరవాతి సంత రోజున, సామాన్ల జాబితా రాయడానికి సాయం రమ్మని హెడ్మాస్టరుగారు పిలిస్తే ఆ గదికి వెళ్లాను. మానిక చోటు ఖాళీగా ఉంది, అట్టముక్క ఉంది. ఇప్పుడైనా చదవాలని తీసుకున్నాను. మూడు వరుసల కింద నాలుగోది ఉంది. "దీని మీద ఒక అత్తగారి పసుపు చుక్కలు ఉండేవి. నా చేతి పొరపాటు వల్ల పోయాయి. సైన్సు టీచరు."

పాఠంలో అక్షరం తప్పు పడితే రాత్రి నిద్రపోని మనిషి. ఆ గదిలో ఆవిడ రాసిన ఒకే ఒక్క అబద్ధం అది, నాకోసం రాసింది.

అట్టముక్క చేతిలో ఉండగానే గుమ్మంలో కొండావిడ మానికతో నిలబడింది. సంతలో చెప్పారట, కళ్లు తుడుచుకునే వచ్చింది. ఇక ఆగలేకపోయాను. "అమ్మా, ఆ రోజు మానిక తోమింది ఆవిడ కాదు, నేను" అన్నాను.

"నాకు తెలవదా?" అంది. "ఆయమ్మ గిన్నెలో టీ తాగినోళ్లెవులైనా నమ్ముతారా, ఆయమ్మ తోమిందంటే? ఆ గిన్నె మసి సూసే గదా నా మానిక ఇక్కడ దాసమన్నాను. ఆ రోజు నువ్వు సెప్తావేమో అని సూసేను."

మానికను దాని చోట్లో తనే పెట్టింది. ఇద్దరికీ టీ పెట్టాను, ఆ గిన్నెలోనే. ఆవిడ వెళ్లాక అట్టముక్క మీద "సైన్సు టీచరు" కొట్టేసి "క్రాఫ్టు టీచరు" అని రాశాను.

హెడ్మాస్టరుగారిని అడిగి గిన్నెను మానిక పక్కన పెట్టాను. కొత్త అట్టముక్క తీసుకుని టీ గిన్నె అని, సైన్సు టీచరుగారు వాడారు అని రాశాను. ఎందుకు మానేశారు అనే మూడో వరుస దగ్గర చేయి ఆగిపోయింది. దాన్ని అలాగే వదిలేశాను. అరలో పెట్టేముందే గిన్నె లోపల కడిగాను, బయట ముట్టుకోలేదు. మసి అలాగే ఉంది.