'తెరిచే' దగ్గర ఆగే పాట

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, ఇంజనీరింగు గైడ్ల కిందనుంచి అట్ట కూడా లేని నల్లటి గ్రామఫోను రికార్డు ఒకటి బయటపడింది. చేతికందిన వస్తువునల్లా వాసన చూసే అలవాటు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. దానికోసం ఇంట్లో చాలా మాటలు పడ్డాను, అయినా మానలేదు. ముక్కు దగ్గర పెట్టుకోగానే లక్క, దుమ్ము, బీరువా అరలో పరిచిన పాత కాగితం, అన్నిటి వెనకా ఎక్కడో కొంచెం కర్పూరం. "అమ్మా, గా రికార్డు మోగదు. గోడకు తగిలిచ్చేటందుకు తీస్కపోతున్రు అందరు," అన్నాడు అమ్మే అతను. మోగదని ఎలా తెలుసని అడిగితే నవ్వి, దాన్ని పాత పేపర్లో చుట్టసాగాడు. ఆ వాసన మాత్రం నన్ను పట్టుకుని అక్కడికి పది నిమిషాల దూరంలో ఉన్న నాంపల్లి స్టేషన్ వెనక సందులోకి, అరవై ఏళ్ల వెనక్కి లాక్కుపోయింది.

రాష్ట్రం కలిసిన ఏడు మా నాన్న కర్నూలునుంచి ఆఫీసు ఫైళ్లతో పాటు హైదరాబాదు వచ్చి పడ్డారు. మాది గుడివాడ దగ్గర. నేనప్పుడు అమ్మ ఒళ్లో ఉన్నానట. ఆ సందులో నర్సింగరావు సారు ఇంట్లో రెండు గదులు మాకు కిరాయికి దొరికాయి. మధ్యలో బండలు పరిచిన వాకిలి, వాకిట్లో ఒక దానిమ్మ చెట్టు, అటు వాళ్లు, ఇటు మేము. ఎండాకాలం సాయంత్రాలు బండల మీద నీళ్లు చల్లగానే లేచే ఆవిరి వాసన, వానాకాలంలో తడి బొగ్గు వాసన, జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ మైదానంనుంచి మైకులో వినపడే పాటలు, తప్పిపోయిన పిల్లల పేర్లు. సంక్రాంతి ముందు అటువైపు సకినాలు వేగే నూనె, ఇటువైపు మా అమ్మ వండే అరిసెల పాకం, రెండు వాసనలూ కలిసి దానిమ్మ చెట్టు దగ్గర ఒకటయ్యేవి. నేను సరిగ్గా అక్కడే కూర్చుని చదువుకునేదాన్ని, ఎవరు ముందు పిలిచి చేతిలో పెడతారో చూద్దామని.

సారు చాదర్‌ఘాట్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పేవారు. ఆయన భార్య సుగుణత్తయ్య. వాళ్లకు పిల్లలు లేరు. అందుకేనేమో ఇద్దరికీ నేనే బిడ్డను, ఇద్దరికీ నేనే తపాలా బంట్రోతును. ఎందుకంటే వాళ్లిద్దరూ మాట్లాడుకునేవారు కాదు. "మీ సారుకు చెప్పు బిడ్డా, బియ్యం ఒడిసినయని," అనేది అత్తయ్య. సారు నాలుగడుగుల దూరంలో పడక్కుర్చీలో ఉండేవారు. నేను అటు తిరిగి, "సారూ, బియ్యం అయిపోయాయట," అని మా గుడివాడ భాషలోకి మార్చి అందించేదాన్ని. "సరే, పొద్దుగాల తెస్తనని చెప్పు," అనేవారాయన నాతోనే. ఆ మాటలు ఆమె విననట్టు నేను చెప్పేదాకా ఆగేది. ఎందుకు మాట్లాడుకోరని అడిగితే మా అమ్మ, "నీకెందుకే పెద్దవాళ్ల సంగతి?" అనేది. ఎందుకు అనే మాట నేను పుట్టుకతోనే నేర్చుకొచ్చానని నాన్న వేళాకోళం చేసేవారు.

ఇలా మాటల్లేని ఆ ఇంట్లో రోజూ ఒక పాట మాత్రం మోగేది. దీపాలు పెట్టే వేళకు సారు బడినుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, చాయ్ తాగి, మూత ఉన్న పెట్టెలాంటి రికార్డు ప్లేయరును కిటికీ పక్కకు జరుపుకునేవారు. ఆయన దగ్గర ఇరవై దాకా రికార్డులుండేవి. వాటిని మెత్తటి ధోవతి ముక్కతో తుడవడం, అంచులు మాత్రమే పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. ఏవి పెట్టినా చివరికి ఒకే పాటకు వచ్చేవారు. సినిమా పాట కాదు. ఎవరో ఆవిడ, ముక్కుపుడక పెట్టుకున్నావిడే అయుంటుందని నేను ఊహించుకున్న గొంతు, వెళ్లిపోయిన మనిషికోసం ఎదురుచూస్తూ పాడేది. రెండో చరణంలో ముల్లు చిక్కుకునేది. "తెరిచే, తెరిచే, తెరిచే..." అని అక్కడే తిరిగేది. రికార్డు మీద అడ్డంగా ఒక గీత ఉంది, అది లోతుగా తెగింది సరిగ్గా అక్కడే.

నాకు అర్థం కానిది ఆ తర్వాతి సంగతి. ముల్లు సారు చేతికి జానెడు దూరంలో ఉండేది. ఆయన కదిలేవారు కాదు. పాట అలా తిరుగుతూనే ఉండేది, మూడుసార్లు, నాలుగుసార్లు. లోపల జొన్నరొట్టెలు తట్టే చప్పుడు ఆగేది. అత్తయ్య బయటికొచ్చేది. చేతులనిండా పిండి, అందుకని పిండి అంటని చిటికెన వేలితో ముల్లును ఇంత నెట్టేది. పాట ఒక్క గెంతు గెంతి ముందుకు సాగేది. ఆమె ఆయన వైపు చూసేది కాదు, ఆయన ఆమె వైపు చూసేవారు. ఆమె వెళ్లిపోయేది, మళ్లీ రొట్టెల చప్పుడు. చలికాలమైనా, ఇంట్లో చుట్టాలున్నా, బతుకమ్మకు వాకిలంతా తంగేడు పూలు పోసి ఉన్నా ఇది తప్పేది కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా బడిలో పాటల పోటీ పెట్టారు. నాకొచ్చిన పాట అదొక్కటే. ధైర్యంగా నిలబడి, కళ్లు మూసుకుని, మొదటి చరణం పూర్తిచేసి, రెండో చరణంలో "తెరిచే, తెరిచే, తెరిచే, తెరిచే" అని నాలుగుసార్లు పాడి, చిటికెన వేలు గాల్లో ఇలా నెట్టి, తర్వాతి లైనుకు గెంతాను. నా దృష్టిలో పాటంటే అదే మరి! క్లాసు క్లాసంతా బెంచీలు చరిచి నవ్వింది. టీచరు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వారమంతా నేను కనపడితే చాలు పిల్లలు చిటికెన వేళ్లు ఎత్తేవారు. ఏడుపు కంటే నాకు ఎక్కువగా వచ్చింది అనుమానం. మరి "తెరిచే" తర్వాత ఏముంది? ఏం తెరిచారు? రోజూ వినే పాటలో నాకు తెలియని ముక్క ఒకటి ఉందంటే మనసు నిలవలేదు.

ఆబిడ్స్‌లో రికార్డులమ్మే దుకాణం ఒకటుండేది. అద్దాల గదిలో కుర్చీ వేసి పాట వినిపించేవారు. నాన్న నన్ను మొజంజాహీ మార్కెట్లో సీతాఫలం ఐస్‌క్రీముకు తీసుకెళ్లిన ఒక సాయంత్రం, ఆ దుకాణం ముందు ఆగి మొండికేశాను. లోపల పెద్దాయన నా కథంతా విని, నవ్వకుండా, వైద్యుడు మందు చెప్పినట్టు చెప్పాడు. "ముల్లు చెయ్యి తేలిగ్గున్నది బిడ్డా, అందుకే గీత కాడ ఎన్కకు దుంకుతది. చెయ్యి మీద పావలా బిళ్ల కట్టు. బరువుకు గీత దాటి పోతది."

మర్నాడు పావలా, దారం పట్టుకుని సారు ముందు నిలబడ్డాను. రికార్డు బాగుచేస్తానన్నాను. "ఎందుకు బిడ్డా?" అన్నారాయన. బడిలో జరిగిందంతా చెప్పాను. ఆయన నా మొహం చూశారు, తర్వాత వంటింటి వైపు చూశారు. వద్దనడానికి నాకు చెప్పగలిగే కారణం ఆయన దగ్గర లేదని నాకిప్పుడు తెలుసు. "మంచిది, కట్టు," అన్నారు చివరికి.

పాట మొదలైంది. గీత దగ్గర చిన్న టిక్కుమని, అంతే, సాఫీగా దాటిపోయింది. "తెరిచే ఉంచితి తలుపులు, తిరిగిరావేమి పిలుపులు." ఓహో, ఇదా! నేను చప్పట్లు కొట్టాను. లోపల రొట్టెల చప్పుడు ఆగింది. ఎవరూ రాలేదు. కాసేపటికి చప్పుడు మళ్లీ మొదలైంది, కాని మునుపటి జోరు లేదు. రెండో రోజూ అంతే. పాట అయిపోయాక సారు ముల్లు తీయడం మరిచిపోయి కూర్చున్నారు, ఖాళీ రికార్డు గరగరమంటూ తిరిగింది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదని, ఆమె ఎందుకని అడగమని కూడా నాకు చెప్పలేదని గమనించాను. ఏదో విరగ్గొట్టాను, ఏమిటో తెలియడం లేదు.

అమ్మ దగ్గర ఒప్పేసుకున్నాను. అమ్మ నా నెత్తి మీద మొట్టికాయ వేసి, అప్పుడు చెప్పింది. అత్తయ్య చాలా బాగా పాడేదట. పెళ్లయిన కొత్తలో రేడియోలో పాడటానికి పరీక్ష కూడా ఇచ్చిందట, ఈ పాటే పాడి. రమ్మని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం సారు చేతికందింది. సారు వాళ్లది ఉస్మాన్‌గంజ్‌లో దుకాణాలున్న కుటుంబం. ఇంటి కోడలి గొంతు బజార్లో నలుగురూ వింటారని పెద్దలు అడ్డం పడ్డారు. సారు ఆమెకు చెప్పకుండానే వీలుపడదని జవాబు రాసేశారు. ఆమెకు ఎన్నాళ్లకో తెలిసింది. తెలిసిన రోజున ప్లేయర్ మీద తిరుగుతున్న ఆ రికార్డు మీద ముల్లును ఈ కొసనుంచి ఆ కొసకు గీసి పారేసిందట. ఆ రోజునుంచి మాటా లేదు, ఆమె నోట పాటా లేదు. "రోజు మొత్తంలో ఆవిడ ఆయన పక్కకొచ్చి నిలబడేది ఆ ఒక్క నిమిషమేనే పిచ్చిమొహమా. అది కాస్తా నువ్వు లేకుండా చేశావు," అంది అమ్మ.

మూడో రోజు పావలా విప్పేద్దామని దీపాల వేళకు ముందే పరుగెత్తాను. ఆ రోజు సారు మిగతా రికార్డులేవీ పెట్టలేదు, అప్పటికే ఆ పాటే మొదలైపోయింది, గీత దాటిపోయింది కూడా. ఈసారి రొట్టెల చప్పుడు ఆగాక అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. పిండి చేతులు పైకి పట్టుకుని, చేయడానికి పనేమీ లేక, అలా నిలబడింది.

"బిడ్డా, గా బిళ్ల తియ్యి," అంది నాతో.

"ఉండనియ్యమని చెప్పు బిడ్డా. రోజు పని ఇడిసిపెట్టి ఉరికొచ్చుడెందుకు? ఆమెకు గూడ జర తీరిక గావాలె," అన్నారు సారు, నాతోనే.

"నాకేం గావాల్నో నన్నెవరన్న అడిగిన్రా?" ఇది మాత్రం నాతో కాదు. ఆమె తిన్నగా ఆయన్నే చూస్తోంది. నేను అందించాలా వద్దా అని నోరు తెరిచి, మూసేశాను.

సారు కుర్చీలోంచి లేచారు. "అప్పుడు అడగలే, సుగుణా. తప్పయింది," అన్నారు. ఆమెను పేరు పెట్టి పిలవగా నేను వినడం అదే మొదటిసారి.

ఆమె వచ్చి, దారం తెంపి, పిండి అంటిన పావలా నా గుప్పిట్లో పెట్టింది. పాట మళ్లీ మొదటినుంచి పెట్టింది. ముగ్గురం నిలబడి విన్నాం. రెండో చరణం వచ్చింది, ముల్లు చిక్కుకుంది. "తెరిచే, తెరిచే, తెరిచే..." ఆమె చెయ్యి ఎత్తలేదు. అన్నేళ్లలో మొదటిసారి సారు తానే ముల్లు పట్టుకుని పైకెత్తారు. ఎక్కడ దించాలో తెలియక గాల్లో అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఆ నిశ్శబ్దంలో అత్తయ్య పాడింది. "తెరిచే ఉంచితి తలుపులు..." గొంతు మొదట బొంగురుగా, దగ్గు అడ్డంపడి, తర్వాత తేటగా వచ్చింది. రికార్డులో ఆవిడ కంటే బాగుంది. ఇటువైపు గుమ్మంలో మా అమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఏడుస్తోంది.

ఆ తర్వాత వాళ్లిద్దరూ చిలకాగోరింకల్లా అయిపోయారని చెప్పను. బాగా పోట్లాడుకునేవారు, సందు మొదటిదాకా వినపడేది. అన్నేళ్ల మాటలు బాకీ ఉన్నాయి కదా అని నాన్న అనేవారు. రేడియోకు ఆమె మళ్లీ వెళ్లలేదు, వయసు దాటిందంది. సారు ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకునేవారు. కాని దీపాల వేళ రికార్డు అలాగే మోగేది, గీత దగ్గర అలాగే ఆగేది, ఆ లైను మాత్రం ఆమె వంటింట్లోంచే పాడేది. నా తపాలా ఉద్యోగం ఊడిపోయింది.

పాటలో అర్థం రాసినవాళ్లే పెడతారా, వినేవాళ్లం కూడా పెడతామా అని అప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. నాకు పెళ్లయిన కొత్తలో మా ఆయనతో తగువొచ్చి మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయన గడ్డం గీసుకుంటూ, నా దగ్గర విని నేర్చుకున్న ఆ పాటే ఎత్తుకుని, "తెరిచే, తెరిచే, తెరిచే, తెరిచే" అని ఆపేసి, అద్దంలోంచి చూస్తూ నిలబడ్డారు. తర్వాతి లైను నేనే పాడాల్సి వచ్చింది. కోపం తీరి కాదు, పాట అలా మధ్యలో వదిలేస్తే నాకు ఊపిరాడదు.

సారూ అత్తయ్యా ఎప్పుడో పోయారు. ఆ వాకిట్లో ఇప్పుడు నాలుగంతస్తుల లాడ్జి ఉంది, దానిమ్మ చెట్టు ఉన్నచోట జనరేటరు. రికార్డుల దుకాణం చెప్పుల దుకాణమైంది. ఫుట్‌పాత్ మీద దొరికిన రికార్డు అది కాదు, వేరే ఎవరిదో. వాసన కోసం తెచ్చుకున్నాను. ఆ పాట ఎవరో మహానుభావుడు ఫోనులో వినడానికి పెట్టాడని మా కోడలు వెతికి ఇచ్చింది. మీట నొక్కాను. గరగర లేదు, గీత లేదు. రెండో చరణంలో నా చిటికెన వేలు దానంతటదే లేచింది. పాట నా వేలికోసం ఆగకుండా సాఫీగా వెళ్లిపోయింది.

బాల్కనీలో పేపరు చదువుకుంటున్న మా ఆయన, "ఇదేం పాడటం? అక్కడ ఆగాలిగా! వీళ్లకి పాట సరిగ్గా రాదు. నువ్వు పాడు," అన్నారు.

ఫోను ఆపేశాను. "తెరిచే, తెరిచే, తెరిచే, తెరిచే" అని పాడి, అక్కడే ఆగి చూస్తూ కూర్చున్నాను. పేపరు మడిచిన చప్పుడైంది. తర్వాత ఆయన చెప్పుల చప్పుడు ఇటువైపు వచ్చింది.