మారా నుంచి వెంట వచ్చిన జ్వరం

మేం ఆఫ్రికా వెళ్ళొచ్చామని తెలిస్తే ఎవరైనా మొదట అడిగేది సింహం గురించే. ఎంత దగ్గరగా చూశారు, భయం వేయలేదా అని. నాకు ఒళ్ళు మండిపోతుంది. సింహం మమ్మల్నేమీ చేయలేదు. మా ఆయన్ని తీసుకుపోయింది దోమ.

అప్పట్లో మేం అమెరికాలో, షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్ళం. ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కానీ మనసంతా అడవిలోనే. భద్రాచలం అవతల ఏజెన్సీలో పుట్టి పెరిగినవాడు. చిన్నప్పుడు పులి అడుగులు చూశాడట, పులిని మాత్రం చూడలేదట. ఆ లోటు మనసులో అలాగే పెట్టుకుని, ఒక డిసెంబరు సెలవులకి కెన్యాలోని మాసాయి మారాకి టికెట్లు బుక్ చేశాడు. ఇండియా వెళ్ళి చాన్నాళ్ళయింది, అక్కడికే పోదామండీ అని నేను మొత్తుకున్నాను.

"ఇండియాలో చుట్టాల్ని తప్ప ఇంకెవర్ని చూడనిస్తారే!" అన్నాడు.

వెళ్ళేముందు పాపతో సహా ముగ్గురం డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఎల్లో ఫీవర్ సూది వేసి, మలేరియా రాకుండా రోజూ వేసుకోమని మాత్రలు రాసింది. తిరిగొచ్చాక కూడా వారం పాటు ఆపొద్దని నొక్కి మరీ చెప్పింది. సూది వేయించుకున్న కార్డు లేకపోతే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారేమోనని ఆయన సూది బుద్ధిగా వేయించుకున్నాడు. మాత్ర మింగామో లేదో ఎవరూ నోరు తెరిపించి చూడరు కదా, అది మానేశాడు.

"ఇవి తెల్లవాళ్ళకే. దోమల్లో పుట్టాం, దోమల్లో పెరిగాం. చిన్నప్పుడు ఎన్నిసార్లు చలిజ్వరం వచ్చిపోయింది నాకు! నన్ను కుట్టిన దోమే చస్తుంది పో."

పోట్లాడాను. అలిగాను. కంచం పక్కన మాత్ర పెడితే, తర్వాత వేసుకుంటాలే అని జేబులో పడేసేవాడు. చెప్పింది చెవిన పెడితేగా! నేనూ పాపా వేసుకున్నాం. తొమ్మిదేళ్ళ పిల్ల, ఆ చేదుకి మొహమంతా ముడుచుకునేది. నాన్న ఎందుకు వేసుకోడు అని రోజూ పేచీ. "నాన్న బాడీ స్ట్రాంగ్ రా తల్లీ" అని ఆయన మోచేయి మడిచి కండ చూపించేవాడు. అది పట్టుకుని వేలాడేది.

అబద్ధమెందుకు, మారా చాలా బావుంది. ఒక మధ్యాహ్నం ఆడసింహం ఒకటి ఎండకి తాళలేక వచ్చి మా జీపు నీడలోనే పడుకుంది. డ్రైవరు పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. ఈయన పాపని ఒళ్ళోకి లాక్కుని, "ష్... కదలకమ్మా. కింద పడుకుంది" అని చెవిలో చెప్పాడు. కళ్ళల్లో నీళ్ళు. మా పెళ్ళిపీటల మీద కూడా ఆ మొహంలో అంత సంతోషం చూడలేదు నేను. సాయంత్రాలు మాత్రం పొట్టి చేతుల చొక్కాతో గుడారం బయట కూర్చునేవాడు. ఒంటికి దోమల మందు రాసుకోమంటే చెయ్యి విదిలించేవాడు.

తిరిగొచ్చిన ఆదివారం స్నేహితుల్ని పిలిచి, బిర్యానీ చేయించి, టీవీలో ఫోటోలన్నీ వేసి చూపించాడు. సింహం ఫోటో దగ్గర ఆపి మళ్ళీ మళ్ళీ అదే కథ చెప్పాడు. ఆయనతో ఆఫీసులో పనిచేసే వరంగల్ అబ్బాయి ఒకతను అన్నా అన్నా అని పక్కనే కూర్చుని వదల్లేదు. ఆ సాయంత్రం ఇల్లు కళకళలాడింది.

తర్వాతి వారం జ్వరం మొదలైంది. బయట మంచు, ఊరినిండా ఫ్లూ. మా ఇళ్ళల్లో జ్వరమొస్తే ముందు ఇండియా నుంచి తెచ్చుకున్న మందుల డబ్బా తెరుస్తాం. ఎవరి దగ్గర ఏ మందుందో అందరికీ తెలుసు. పెరుగు తోడుకి అడిగినట్టు అడిగి తెచ్చుకుంటాం. ఆయనా అదే చేశాడు. డబ్బాలో మాత్ర వేసుకుంటే దిగింది, మర్నాడు వణుకుతో మళ్ళీ వచ్చింది. నేను గోల పెడితే, పాపని స్కూల్ నుంచి తేవడానికి నేను వెళ్ళినప్పుడు తనే దగ్గర్లో క్లినిక్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళొచ్చాడు.

"ఏమన్నారండీ?"

"ఫ్లూ అట. రెస్ట్ తీసుకోమన్నారు. ఈమధ్య ఇండియా వెళ్ళొచ్చారా అని అడిగారు. లేదు, మూడేళ్ళయింది అన్నాను."

"ఆఫ్రికా సంగతి చెప్పారా?"

"అడగలేదుగా" అని నవ్వాడు.

మన మొహం చూసి వాళ్ళు ఇండియా అని అడిగారు, ఈ మహానుభావుడు అడిగినదానికి మాత్రం జవాబిచ్చి వచ్చాడు. లేవండి, కారెక్కండి, పెద్దాసుపత్రికి పోదాం అని అరిచాను. "పొద్దున్నే పోదాం లేవే, లేచే ఓపిక లేదు" అని దుప్పటి మీదికి లాక్కున్నాడు. బతిమాలాను, తిట్టాను, చెయ్యి పట్టి లాగాను. మనిషి మంచం దిగలేదు.

తెల్లారి పాప వెళ్ళి లేపింది. ఆయన కళ్ళు తెరిచి, మంచం కిందికి చూస్తూ, "ష్... కదలకమ్మా. కింద పడుకుంది" అన్నాడు. నాన్న ఆడిస్తున్నాడనుకుని పాప పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. నేను ఫోన్ అందుకున్నాను.

ఆసుపత్రిలో ఆఫ్రికా మాట నేను చెప్పగానే రక్తం తీసుకెళ్ళి చూశారు. మలేరియా, అదీ మెదడుకెక్కేది. అప్పటికే కిడ్నీలు కూడా పాడయ్యాయి. చిన్నప్పుడు చాలాసార్లు వచ్చింది డాక్టర్, ఆయన ఒంటికి అలవాటే అని పిచ్చిదానిలా చెప్పాను. ఇన్నేళ్ళు మలేరియా లేని దేశంలో ఉంటే ఆ అలవాటు ఒంట్లో మిగలదని డాక్టర్ నెమ్మదిగా చెప్పాడు. ఆ ముక్క ఆయన వినాల్సింది. వినే స్థితిలో లేడు, మళ్ళీ ఆ స్థితికి రానూలేదు.

దినం నాడు స్నేహితులే అన్నీ వండి తెచ్చారు. సోఫాలు గోడకి జరిపి, కింద దుప్పట్లు పరిచి భోజనాలు పెట్టాం. ఆ వరంగల్ అబ్బాయి తింటూ నాతో మెల్లగా అన్నాడు:

"వదినా, ఎండాకాలం సెలవులకి పిల్లల్ని తీసుకుని ఇండియా పోతున్నం. ఇక్కడి డాక్టర్ అవే టాబ్లెట్స్ రాసిండు. అన్నకైతే ఆఫ్రికా దోమ కుట్టింది, బ్యాడ్ లక్. మనూరి దోమలు మనల్ని ఏం చేస్తయ్ చెప్పు? దోమలల్లనే కదా పుట్టి పెరిగినం!"

నా చేతిలో పెరుగు గిన్నె ఉంది. అతని నెత్తిన కుమ్మరించాలన్నంత కోపం వచ్చింది. నోరు తెరవబోయేలోపు, మంచినీళ్ళ గ్లాసులు పట్టుకొస్తున్న పాప అతని ముందు ఆగింది.

"నాన్న కూడా అదే చెప్పాడు, అంకుల్" అంది. "సేమ్ అలాగే."

అతని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పాప గ్లాసు అతని పక్కన పెట్టి ముందుకు వెళ్ళింది.