నాలుగో పేజీలో మిగిలిన ఏడు గీతలు

హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన రెండేళ్ళకు నేను ఇంజనీరింగు చదువుకు దరఖాస్తు చేశాను. ఫారం నాలుగు పేజీలది. మొదటి మూడు పేజీలూ మార్కులకు, పుట్టిన తేదీకి, తండ్రి వృత్తికి. నాలుగో పేజీ పైభాగాన ఒక్క వాక్యం అచ్చయి ఉంది: అభ్యర్థి తాను స్వయంగా కొలిచి చూసిన ఒక విషయాన్ని గురించి సొంత దస్తూరితో, ఈ పేజీకి మించకుండా, ఇంగ్లీషులో రాయవలెను, కొట్టివేతలు అంగీకరింపబడవు. దాని కింద ముప్పై గీతలు. మనిషికి ఒక్క ఫారమే ఇచ్చారు.

సర్కారుకు పంపే కాగితమంటే మా చెన్నూరులో అర్జీయే. అర్జీ అంటే బీదరికం చెప్పుకోవాలి, దయ అడగాలి. మా వీధిలో ఉండే రిటైరైన గుమాస్తా నాకు అదే సలహా ఇచ్చాడు.

"కొలతలెవడు సూస్తడు పిలగా? బాపు మంచం పట్టిండని రాయి. పని అయితది."

బాపు, అంటే మా నాన్న, అప్పుడు గడపలోనే నిలబడి ఉన్నాడు. "మంచం పట్టుడు గీ యేడా, వచ్చే యేడా? జర ముందుగాల చెప్పుండ్రి, సెలవు పెట్టుకుంట," అని లోపలికి వెళ్ళిపోయాడు.

బాపు కలప డిపోలో టేకు దుంగలు కొలిచేవాడు. దుంగ నడుమ టేపు చుట్టి, వచ్చిన చుట్టుకొలతను నాలుగుతో భాగించి, ఆ వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో హెచ్చించేవాడు. చుట్టు అయిదడుగులు, పొడవు పన్నెండడుగులు అయితే పద్దెనిమిది ముప్పాతిక ఘనపుటడుగులు. కాగితం అక్కరలేకుండా, టేపు తిరిగి మడిచేలోపే చెప్పేవాడు.

నాకు వృత్త వైశాల్యం తెలుసు. అదే దుంగకు నా లెక్కలో దాదాపు ఇరవై నాలుగు ఘనపుటడుగులు వచ్చాయి. అంటే డిపో సూత్రం ప్రతి దుంగలోనూ నూటికి ఇరవై ఒకటిన్నర వంతులు వదిలేస్తున్నది. నిర్ధారణ కోసం, పశువులు నీళ్ళు తాగే నలుచదరపు తొట్టిలో ఒక పొట్టి దుంగముక్కను రెండు ఇనుప కడ్డీలతో అదిమి ముంచాను. నీటిమట్టం ఎంత పెరిగిందో స్కేలుతో కొలిచాను. నీళ్ళు నా పక్షానే సాక్ష్యం చెప్పాయి.

ఆ సాయంత్రమే నాలుగో పేజీలో ఇరవై మూడు గీతలు సిరాతో నింపాను. చివరి వాక్యంలో, ఇన్నేళ్ళుగా డిపోలో వాడుతున్న సూత్రం తప్పని తీర్పు కూడా చెప్పాను. ఆ వాక్యం నాకు ఎంతో నచ్చింది. బాపును కూర్చోబెట్టి మొత్తం తెలుగులో చదివి వినిపించాను.

ఆయన మడిచిన టేపును విప్పి, మళ్ళీ మడిచాడు.

"అయితే నేను గిన్నేండ్ల సంది తప్పు కొలిచిన్నంటవా?"

"నువ్వు కాదు బాపూ. సూత్రం."

"కొలిచింది నేనే గద. పొద్దుగాల నాతోని డిపోకు రా."

మర్నాడు ఇద్దరు కోతవాళ్ళు పెద్ద రంపంతో ఒక దుంగను కోయడానికి సిద్ధంగా ఉన్నారు. చుట్టు అయిదడుగులు, పొడవు పన్నెండు. బాపు దాన్ని కావాలనే ఎంచాడని నాకు వెంటనే అర్థమైంది. నన్ను చూడగానే వాళ్ళలో పెద్దవాడు రంపం ఆపాడు.

"ఏంది సారూ, మొద్దును నీళ్ళల్ల ముంచినవట? ఈత నేర్పుతున్నవా?"

"నేర్పకముందే తేలింది," అన్నాను. ఆయన నవ్వాడు గాని బాపు నవ్వలేదు.

మధ్యాహ్నానికి కోత ముగిసింది. నడుమ ఒక దూలం, పక్కల నుంచి నాలుగు పలకలు వచ్చాయి. బెరడు, దాని కింద చెదలు తినే తెల్లచెక్క ఒక పక్కకు పడ్డాయి. రంపపు పొట్టు కుప్పయింది. బాపు టేపు నా చేతికిచ్చాడు.

"ఇల్లు కట్టుకునేటోడు గీంట్ల ఏది తీస్కపోతడో గదే కొలువు. బెరడుతోని వాసాలు పెడతడా?"

దూలాన్నీ పలకలనూ ఒక్కొక్కటిగా కొలిచి, రెండుసార్లు కూడి చూశాను. పద్దెనిమిదిన్నరకు కొంచెం తక్కువ వచ్చింది. బాపు పక్కకు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు. సంఖ్య ఎంతని ఆయన అడగనే లేదు.

టపా బస్సు రేపు ఉదయం వెళ్తుంది. అది తప్పితే గడువు దాటుతుంది. ఇంకో ఫారం లేదు, రాసింది కొట్టివేయరాదు. అలాగే పంపితే నా తీర్పు తప్పని తెలిసీ సంతకం చేసినట్టవుతుంది. సరిచేస్తే, నా తప్పును నా దస్తూరితోనే పరీక్షకుల ముందు పెట్టినట్టవుతుంది. పేజీ అడుగున ఏడు గీతలు మిగిలి ఉన్నాయి. వాటిలో ఇలా రాశాను:

"పైన రాసినది కొలతగా సరైనదే, తీర్పుగా తప్పు. దుంగలో చెక్క ఎంత ఉందని నేను అడిగాను. దుంగ నుంచి పనికివచ్చే చెక్క ఎంత వస్తుందని సూత్రం అడుగుతుంది. నిన్న రాసిన తర్వాత, నేడు ఒక దుంగ కోతను చూసి కొలిచాను. జవాబు నూటికి డెబ్బై ఏడు వంతులు, సూత్రానికి చాలా దగ్గరగా వచ్చింది. ఒక్క దుంగ నిరూపణ కాదు, మరిన్ని కొలవాలి. దీన్ని నాకు చూపినవారు మా నాన్న."

చివరి మాట చివరి గీత అంచున సరిగ్గా పట్టింది.

ఇంటర్వ్యూకు హైదరాబాదుకు పిలిచారు. బల్ల వెనుక ముగ్గురు. నడుమ కూర్చున్న పెద్ద ఇంజనీరు నాలుగో పేజీని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాడు. తీర్పు వాక్యం దగ్గర పక్కాయన నవ్వాడు. ఏడు గీతల దగ్గర ఎవరూ నవ్వలేదు.

"కొత్త ఫారం మీద తిరగరాయవచ్చు కదా?"

"ఒక్కటే ఇచ్చారు సార్."

"రెండు ఇచ్చి ఉంటే?"

నిజమే చెప్పాను. "మొదటిది చింపేసేవాణ్ణి సార్."

ఆయన కళ్ళజోడు తీశాడు. "నూటికి డెబ్బై ఏడు చేతికొచ్చింది. మరి మిగిలిన ఇరవై మూడు?"

"కొంత బెరడు, కొంత తెల్లచెక్క, కొంత పొట్టు సార్. పొట్టు మా ఇంటి పొయ్యిలోకి వస్తుంది. మా అవ్వ దాని మీదే వండుతుంది."

ముగ్గురూ ఒకేసారి నవ్వారు. పెద్దాయన పేజీ మూలన ఏదో రాశాడు. తలకిందులుగా చదవడానికి ప్రయత్నించాను గాని సాధ్యం కాలేదు.

పందొమ్మిదో రోజున డిపో చిరునామాకు కవరు వచ్చింది. బాపు దుంగల నడుమ నిలబడి ఉండగా విప్పి చదివాను. సీటు ఇచ్చారు. పెద్ద కోతవాడు రంపం వదిలి, "మొద్దు తేలింది పో అన్నా!" అని అరిచాడు.

"నాలుగో పేజీ సంగతేమన్న రాసిండ్రా?" అని బాపు అడిగాడు.

"లేదు బాపూ. సీటు ఇచ్చినమని రాసిండ్రు, గంతే."

"సాలు," అని టేపు ఒక కొసను నాకు అందించాడు. ఇంకా నలభై దుంగలు ఉన్నాయి. రోజూ తనలో తాను గొణుక్కున్నట్టు కొలతలు చెప్పే మనిషి, ఆ రోజు దుంగకొక కేక పెట్టాడు. "చుట్టు నాలుగున్నర! పొడుగు పది!" ఆ కేక డిపో కంచె దాటి రోడ్డు మీదికి వినిపించింది. బండ్లవాళ్ళు ఎడ్లను ఆపి, లోపల ఏమైందోనని తొంగి చూశారు.