జ్వరమొస్తేనే కాఫీ

తాండూరుకు బదిలీ అయి వచ్చిన కొత్తలో, నేను పొద్దున్నే కాఫీ కలుపుకుంటే చాలు, ఆ వాసనకు ఇంటి ఓనరమ్మ నా గుమ్మంలోకి వచ్చేసేది.

"జరమొచ్చిందా బిడ్డా?" అంటూ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది.

వాళ్లింట్లో మూడు పూటలా చాయే. కాఫీ అంటే జ్వరమొచ్చినవాళ్లకు బన్నుతో పాటు ఇచ్చే మందు. మా ఊళ్లో కాఫీ తాగనిదే తెల్లారదని ఎంత చెప్పినా ఆమె చెవికెక్కేది కాదు. పైగా నేను రోగిష్టిదాన్నని వీధంతా చెప్పింది. కూరగాయలమ్మే ఆమె కూడా "ఇప్పుడు పానమెట్లున్నది?" అని అడిగేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

ఒక ఆదివారం సాయంత్రం, నేను కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు ఆమే స్టీలు గ్లాసు పట్టుకుని వచ్చింది.

"నాకు గూడ జర కాఫీ పొయ్యి, బిడ్డా."

ఇన్నాళ్లకు దొరికింది కదా అనుకుని, "ఏం, జ్వరమా?" అన్నాను వెటకారంగా.

"జరమేం లేదు. మా బిడ్డను అత్తగారింటికి తోలిన. వికారాబాద్ల రైలెక్కిచ్చి ఇప్పుడే వస్తున్న," అంటూ గడప మీదే కూలబడింది.

నేను లేచి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టాను. తర్వాత నా గ్లాసులోది కూడా ఆమెకే పోశాను.