పొయ్యి పాలైన సర్వసుగంధి

చైతన్యపురిలో కోచింగ్ సెంటర్ల సందు నిండా చాయ్ బండ్లే. పిల్లలు మాత్రం అండాలు అనే ఆమె బండి దగ్గరే మూగేవారు. కారణం ఒక ఆకు. మరిగే చాయ్‌లో చించి వేస్తే లవంగం, దాల్చినచెక్క కలిసినట్టు వాసన. సర్వసుగంధి చెట్టు ఆకు అది. అది లేకపోతే ఆమెదీ అన్నిట్లో ఒక బండి.

చెట్టు ఎదురింటి గోడ బయట ఉండేది. ఆ ఇంటి కోటేశ్వరమ్మది విజయవాడ. కడియం నర్సరీ నుంచి మొక్క తెచ్చి నాటింది ఆవిడే. హయత్‌నగర్ నుంచి వచ్చి బండి పెట్టుకున్న అండాలు గ్లాసులు కడిగిన నీళ్లు పోసి దాన్ని బతికించింది.

"కింద ఆకులే కొయ్యవే, చిగురు ముట్టుకోకు" అనేది కోటేశ్వరమ్మ.

"నాకు తెల్వదా అమ్మా? నేనే గద పెంచింది" అనేది అండాలు. రోజూ ఇదే గొడవ.

ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో మెయిన్ రోడ్డు మీద వంటావార్పు చేశాం. నడిరోడ్డున పొయ్యి పెట్టి, వండుకుని తినడమే నిరసన. సెంటర్లు మూతపడి బేరం లేకపోయినా అండాలు అందరికీ ఊరికే చాయ్ పోసింది. మా కాలనీ నాయకుడు రంజిత్ మళ్లీ గ్లాసు చాపాడు.

"ఏమేసినవ్ అక్కా? కిరాక్ ఉంది."

"కోటేశ్వరమ్మ ఇంటి ముందట చెట్టు ఆకు."

"గా ఆంధ్రామె చెట్టా? మా నోట్ల ఆంధ్ర ఆకు పెట్టినవ్ గదనే!"

"తాగినంక యాదికొచ్చిందా? నీళ్లు పోసింది నేను బిడ్డా."

అందరూ నవ్వారు. ఆమె గ్లాసులు ఏరుకుంటూ అటు చివరికి వెళ్లింది. కిచిడీ ఉడకకముందే కట్టెలు అయిపోయాయి. రంజిత్ గొడ్డలి తీసుకుని సందులోకి పోయాడు. ఆమె తిరిగొచ్చేసరికి చెట్టు పొయ్యిలో ఉంది. పచ్చి కట్టె, మంట రాలేదు. రోడ్డంతా పొగ, ఆ పొగంతా ఆమె చాయ్ వాసన.

అది ఏ ఆంధ్ర చెట్టు? సముద్రాల అవతల, మధ్య అమెరికా వానల అడవుల్లో పుట్టిన జాతి. పుస్తకం తెరిస్తే తెలిసేది. నీళ్ల కోసం, కొలువుల కోసం లేచినవాళ్లం, ఒక తెలంగాణ ఆడమనిషి బువ్వను తగలబెట్టాం. కోటేశ్వరమ్మ మాత్రం తక్కువ తిన్నదా?

"మీవాళ్లే కదే నరికింది! ఇక నా గుమ్మం తొక్కకు" అన్నది అండాలుతో, గేటు లోపలి నుంచే. పెంచిన చేతుల్ని, నరికిన చేతుల్ని ఒక్క గాటన కట్టేసింది.

మర్నాడు రంజిత్ బండి దగ్గరికి వచ్చి చాయ్ అడిగాడు.

"నిన్న పొగ పీల్చినవ్ గద. గదే నీ చాయ్" అన్నది అండాలు.

"ఏందక్కా, ఉద్యమమన్నంక గిట్లనే ఉంటది. రేపు ర్యాలీకి రావా మరి?"

"ఎందుకు రాను? తెలంగాణ నీ ఒక్కనిదా? ర్యాలీకొస్త. నీకు చాయ్ ఇయ్య."

వచ్చింది. ముందు వరసలో నడిచింది. తర్వాత రాష్ట్రమూ వచ్చింది. ఆమె బండి దగ్గర ఇప్పుడు పిల్లలు మూగరు. పదవి దొరికిన రంజిత్ అప్పుడప్పుడు వచ్చి నిలబడతాడు. ఆమె గ్లాసు ఎత్తదు.