కాదని చెప్పడానికి వచ్చిన మనిషి

ఈ ఉదయం మా ఆయన నిచ్చెన వేసుకుని వీధి చివర దీపస్తంభానికి ఎన్నికల బోర్డు కడుతున్నారు. ప్లాస్టిక్ పట్టీని బిగించి లాగినప్పుడు వచ్చే చర్రుమనే చప్పుడు వంటింట్లోకి వినబడింది. పెనం మీద దోసె మాడుతున్నా కదలకుండా నిలబడిపోయాను. బోర్డు మీద ఉన్నది నా మొహమే. కానీ ఆ చప్పుడుకి గుర్తొచ్చింది నోరీన్; ఒకప్పుడు ఆమె బోర్డులు కట్టినప్పుడు విన్న చప్పుడే అది. మేం పరదేశం వచ్చి స్థిరపడిన ఈ నేవన్ పట్టణం తరఫున కౌంటీ కౌన్సిల్‌లో, అంటే ఇక్కడి జిల్లా పరిషత్తులాంటి దాంట్లో, చాలా ఏళ్లు సభ్యురాలిగా పనిచేసిన మనిషి. ఏ పార్టీలోనూ లేదు. పొట్టిగా, ఎప్పుడూ సగం తడిసిన ఆకుపచ్చ కోటులో ఉండేది. మీరు ఆమెను చూసి ఉంటే బస్సు కోసం నిలబడ్డ పెద్దావిడ ఎవరో అనుకుని ముందుకు వెళ్లిపోయేవారు. రెండేళ్ల క్రితం పోయింది. ఆమె లేకపోతే నేనీ ఎన్నికల జోలికి వచ్చేదాన్ని కాదు.

మేం నేవన్ వచ్చిన కొత్తల్లో మా ఎస్టేట్, అంటే మా ఇళ్ల కాలనీ నుంచి బడికి వెళ్లే సందులో లైటు ఉండేది కాదు. శీతాకాలంలో నాలుగు దాటితే చీకటి. మా పాప అక్కడ రెండుసార్లు పడి మోకాళ్లు కొట్టుకుంది. కౌన్సిలరమ్మ శనివారాల్లో లైబ్రరీ పక్క గదిలో కూర్చుంటుందని ఎవరో చెబితే అర్జీ రాసుకుని, సంతకాలు చేయించి, వట్టి చేతులతో ఎలా వెళ్తామని ఒక డబ్బా సున్నుండలు కూడా పట్టుకెళ్లాను. నోరీన్ ఒకటి తిని, మిగతావి నా వెనక వరసలో ఉన్నవాళ్లకి పంచేసింది. అర్జీ పక్కన పెట్టి, పాప ఎక్కడ పడిందో అడిగి, చిన్న నోటుబుక్కులో రాసుకుంది. రెండు వారాల్లో చెబుతానంది. చెప్పదని నాకు నమ్మకం. మా ఊళ్లో నాయకులు ఏదడిగినా "చూద్దాం లేమ్మా" అనేవారు. ఆ చూద్దాంతోనే మా నాన్నకి పెన్షను వయసు వచ్చేసింది.

సరిగ్గా రెండు వారాలకి, వాన దంచికొడుతుంటే, ఆమె మా గుమ్మంలో నిలబడింది.

"ఇవ్వరు. ఈ ఏడాది జాబితాలో మీ సందు లేదు. మళ్లీ అడుగుతాను, కానీ ఈ చలికాలానికి లైటు రాదు. పాపకి ఒక టార్చి కొనివ్వు."

"ఈమాత్రం దానికి ఇంత వానలో రావాలా? ఫోన్ చేస్తే సరిపోయేది కదా," అన్నాను.

"పని అయ్యుంటే ఫోనే చేసేదాన్ని," అంది.

పని కాలేదని చెప్పడానికి ఒక రాజకీయ మనిషి ఇంటికి రావడం నేను ఎక్కడా చూడలేదు. లైటు ఆ మరుసటేడు వచ్చింది. అప్పుడు నిజంగానే ఫోన్ చేసింది.

అప్పటి నుంచి శనివారాలు ఆమె పక్కన కూర్చుని తెలుగువాళ్ల గోడు ఇంగ్లీషులో చెప్పేదాన్ని. మనకి ఇక్కడి పౌరసత్వం లేకపోయినా, ఇక్కడ కాపురముంటే చాలు, కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేయొచ్చని ఆమే చెప్పింది. ఇక్కడ గుర్తు మీద ముద్ర గుద్దడం ఉండదు. నచ్చినవాళ్ల పేరు పక్కన ఒకటి, తర్వాతివాళ్లకి రెండు, మూడు అని అంకెలు వేయాలి. నా చేతికి పెన్సిలిచ్చి పాత కాగితాల మీద పరీక్ష పెట్టినట్టు రాయించింది.

తర్వాతి ఎన్నికలు వచ్చేసరికి ఊరు బాగా పెరిగింది. కొత్త ఇళ్లలో ఆమెని ఎరిగినవాళ్లు తక్కువ. "మన పట్టణానికున్న సీట్లలో ఎప్పుడూ చివరిదే నాకు దక్కేది. ఈసారి అది కూడా అనుమానమే," అంది. మా ఎస్టేట్ సంగతి నాకొదిలేయమన్నాను. తెలుగువాళ్ల ఇల్లు ఒక్కటి విడవకుండా తిరిగాను. "మీరు వచ్చి అడగాలా అక్కా, తప్పకుండా వేస్తాం" అనని మనిషి లేడు. టీలు, పకోడీలు. కాగితం నిండా టిక్కులు కొట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాను.

నోరీన్ కాగితం తిరగేసి చూసింది. "ఒక్కరు కూడా కాదనలేదా?"

"లేదు. మావాళ్లు మాటిచ్చారంటే ఇచ్చినట్టే."

"పోనీ ఒకసారి నేనూ తిరిగి రానా?"

"అవసరం లేదు," అన్నాను. అంత పొగరు నాకెక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఆమె నా మాట నమ్మి, ఆఖరి శనాదివారాలు నది అవతలి ఇళ్లకి వెళ్లింది. గడప దగ్గరికొచ్చిన మనిషికి లేదని చెప్పడం మన పెంపకంలో లేదని నాకు తట్టనే లేదు. అంతెందుకు, మా గుమ్మంలోకి వచ్చిన వేరే అభ్యర్థులిద్దరికి నేను కూడా నవ్వుతూ "తప్పకుండా" అన్నాను.

ఓట్ల లెక్కింపు రోజు నోరీన్ నన్ను హాలుకి తీసుకెళ్లింది. పెట్టె తెరిచి ఓటు కాగితాలు ఒక్కొక్కటీ విప్పుతుంటే, కంచె ఇవతల నిలబడి ఎవరికి ఎన్ని ఒకట్లు పడ్డాయో మనం గీతలు పెట్టుకోవచ్చు. ఇది ఇక్కడి ఆచారం. మా ఎస్టేట్ పెట్టె వచ్చింది. నా పెన్సిలు చాలాసేపు ఊరికే ఉంది. నోరీన్ పేరు పక్కన రెండు, మూడు, మళ్లీ రెండు. కొన్ని కాగితాల మీద ఆమెకీ ఒకటే, ఇంకొకరికీ ఒకటే. అలాంటివి చెల్లవని అధికారి పక్కన పెట్టేశాడు. మర్నాడు సాయంత్రానికి నోరీన్ ఓడిపోయింది. అతి కొద్ది తేడాతో. మా ఎస్టేట్ మాట నిలబెట్టుకుని ఉంటే గెలిచేది. నాకు తల ఎత్తి ఆమె వంక చూడడానికి సిగ్గేసింది.

సోమవారం ఆమె కృతజ్ఞతలు చెప్పడానికి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. గెలిచినా ఓడినా అది ఆమె అలవాటట. నేను వెంట వెళ్లక తప్పలేదు. కూతురి దగ్గర ఉంటున్న ప్రకాశరావు మాస్టారు తలుపు తీశారు. భీమవరం హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసిన మనిషి. ఆమెను చూడగానే చొక్కాకి లేని మడతలు సర్దుకున్నారు.

"సుజాతమ్మా, ఆవిడకి చెప్పు. నువ్వడిగావని ఆవిడకి ఒకటి వేశాను. మా అల్లుడి స్నేహితుడొకాయన అంతకుముందే వచ్చి అడిగాడు, ఆయనకీ సరేనన్నాను. ఒకళ్లకి రెండు వేస్తే మాట తప్పినట్టు కదూ? అందుకని ఇద్దరికీ ఒకటే వేసొచ్చాను. తప్పు చేశానంటావా?"

ఆ మాటలు ఉన్నవున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. నోరీన్ ఆయన చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "మీరు ఇద్దరికీ మాట నిలబెట్టుకున్నారు. నేనే సరిగ్గా అడగలేదు," అంది.

బయటికొచ్చాక ఏడ్చేశాను. మిమ్మల్ని ఓడించింది నేనే అన్నాను.

"నీ కాగితంలో ఒక్క కాదు కూడా లేదని చూశాను కదా. అవునులు వినడం నాకూ ఇష్టమే, సుజాతా. అందుకే ఊరుకున్నాను. కాదనే వీలు మనం వాళ్లకి ఇవ్వలేదు." మనం అంది. తప్పులో సగం అడక్కుండానే తన నెత్తిన వేసుకుంది. ఆమె మళ్లీ పోటీ చేయలేదు. పదవి లేకపోయినా శనివారాలు మాత్రం లైబ్రరీ పక్క గదిలో, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ నా పక్కన కూర్చుంది.

నిన్న సాయంత్రం మౌనిక ఇంటికి వెళ్లాను. కరీంనగర్ అమ్మాయి, వచ్చి ఏడాది దాటింది. నేను నోరు విప్పకముందే "తప్పకుండ ఏస్తం అక్కా" అంది. టిక్కు కొట్టడానికి చెయ్యి లేచింది. ఆపుకున్నాను.

"మౌనికా, నువ్వు నాకు వేయకపోయినా రేపు మీ పాపని మా కారులోనే స్కూలుకి దింపుతాను. అందులో మార్పుండదు. ఇప్పుడు చెప్పు."

ఆ అమ్మాయి చాలాసేపు పాప బూటు లేసు కడుతూ కూర్చుంది. తర్వాత తలెత్తింది.

"కోపం చేస్కోకు అక్కా. మాకు ఇల్లు దొరకనప్పుడు నీ ఎదురుగ నిలబడ్డ ఆ ఇంకో ఆయననే తిరిగి ఇల్లు చూపిచ్చిండు. ఒకటి ఆయనకే ఏస్త. నీకు రెండు."

ఆమె పేరు పక్కన రెండు అని రాసుకున్నాను. గెలవడానికి నాకు ప్రతి ఒకటీ కావాలి, కాబట్టి బాధ కలిగింది. కానీ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసరికి ఎందుకో గుండె నిండిపోయింది. నోరీన్ బతికుంటే, వానైనా సరే, నడుచుకుంటూ వెళ్లి చెప్పి ఉండేదాన్ని. మా ఎస్టేట్‌లో ఇవాళ ఒకమ్మాయి నాకు కాదని చెప్పింది అని.